సీసాలో నాలుగు చుక్కలు, అరుగు మీద పది నిమిషాలు

పూల సారం, అంటే మనసు బాధలకు వేసుకునే ఫ్లవర్ ఎసెన్స్, అనగానే చాలామందికి అత్తరు, సెంటు గుర్తొస్తాయి. ముందు ఆ పొరపాటు తీరాలి, ఎందుకంటే అది ప్రమాదం తెచ్చే పొరపాటు. మల్లె నూనె, లావెండర్ నూనె లాంటి ఘాటైన వాసన నూనెలు వేరు, ఫ్లవర్ ఎసెన్సులు వేరు. పూలను నీళ్లలో ఎండకు ఉంచి, ఆ నీటిని బ్రాందీతో నిలవచేసి, మళ్లీ మళ్లీ పలచన చేసిన చుక్కలు ఇవి. వీటికి పూల వాసన ఉండదు. మూత తీయగానే గుప్పుమంటే అది నూనె. దాన్ని నాలుక మీద వేసుకోకూడదు. పిల్లి ఉన్న ఇంట్లో వాసన వెదజల్లే డిఫ్యూజర్‌లో పోసి పెట్టనూ కూడదు. ఆ నూనెల్లోని చాలా పదార్థాలను పిల్లి కాలేయం సరిగా అరాయించుకోలేదు.

ఈ పద్ధతిని ఏర్పరచింది ఎడ్వర్డ్ బాచ్ (1886–1936) అనే ఇంగ్లండు వైద్యుడు. ఆయన జాబితాలో 38 ఉన్నాయి. అందులో ఒకటి పువ్వు కూడా కాదు, ఊట నీరు. ఒక్కో దానికీ ఒక్కో మనోస్థితిని ముడిపెట్టారు.

మొదటే చెప్పాల్సిన సంగతి ఒకటుంది. ఈ చుక్కల్ని ఉత్తుత్తి చుక్కలతో పోల్చి చేసిన పరీక్షల్లో వీటికి అదనపు బలమేమీ కనపడలేదు. 2010లో ఎడ్జార్డ్ ఎర్న్‌స్ట్ అనే పరిశోధకుడు అప్పటిదాకా జరిగిన పరీక్షలన్నీ కలిపి చూసి ఇదే తేల్చారు. అయినా ఈ పద్ధతి పనికొస్తుంది, రెండు కారణాల వల్ల. పువ్వును ఎంచుకోవాలంటే ముందు బాధ ఏదో తేల్చుకోక తప్పదు. చుక్కలు వేసుకోవాలంటే రోజుకు నాలుగు వేళలు పెట్టుకోక తప్పదు. ఆ వేళల్లో ఒకదానికి ఊపిరి మీద ధ్యాస పెట్టి కూర్చుంటే అసలు పని అక్కడ జరుగుతుంది. బరువు మోసేది కూర్చోవడమే. సీసా ఆ వేళను గుర్తుచేస్తుంది.

ఏ పువ్వో తేల్చుకోవడం

“మనసు బాగోలేదు” అంటే పువ్వు దొరకదు. ఏ వేళకు, దేన్ని చూస్తే, ఒంట్లో ఎక్కడ తెలుస్తోందో కాగితం మీద రాయాలి. భయాన్నే తీసుకోండి. కుక్కకు టపాకాయ అంటే, మనిషికి సూది అంటే భయం. దేనికి భయమో తెలుసు కాబట్టి మిములస్. కారణం తెలియకుండా సందెవేళకు గుండె దడదడలాడితే ఆస్పెన్. గల్ఫ్‌లో ఉన్న కొడుకు ఒక పూట ఫోన్ చేయకపోతే అన్నం సహించని తల్లిది తన కోసం పడే భయం కాదు, ఆమెకు రెడ్ చెస్ట్‌నట్. ఒళ్లు బిగుసుకుపోయే హడలుకు రాక్ రోజ్. “అదుపు తప్పి ఏదైనా చేసేసుకుంటానేమో” అన్న భయానికి జాబితాలో చెర్రీ ప్లమ్ రాసి ఉంటుంది. కానీ ఆ మాట ఎవరి నోట విన్నా సీసా పక్కన పెట్టి ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

రొయ్యల చెరువుల మీద బతికేవాళ్లకు ఒక బాధ బాగా తెలుసు. తెల్లవారుజామున రెండింటికి మెలకువ వస్తుంది. కరెంటు పోయిందేమో, నీళ్లకు గాలి పట్టించే ఏరేటర్లు ఆగాయేమో, నీళ్లలో ఆక్సిజన్ పడిపోయిందేమో. అదే ఆలోచన గానుగెద్దులా తిరుగుతుంది. దానికి వైట్ చెస్ట్‌నట్. పట్టుబడి అయ్యాక అదే మనిషి మంచం దిగలేనంతగా అలిసిపోతే ఆలివ్. ఒకే మనిషికి నెల తిరిగేసరికి పువ్వు మారుతుంది. పోయిన నెల సీసా ఈ నెలకు పనికిరాదన్న సంగతి చాలామంది మరిచిపోతారు.

వరదకు లంక ఊరు వదిలి ఏటిగట్టు మీదికి చేరిన కుటుంబానికి, వాళ్ల పశువులకు, దెబ్బతిన్న మనసుకని స్టార్ ఆఫ్ బెత్లెహెమ్, చోటు మారినందుకు వాల్‌నట్ వాడతారు. పాత ఇంటి మీదే బెంగ పెట్టుకుంటే హనీసకుల్. పేచీ పెట్టి మరీ ఒళ్లో కూర్చుని, క్షణం వదలని కుక్కకు చికరీ. ఇంట్లో పాపాయి పుట్టాక ఉయ్యాల వైపు చూసి గుర్రుమంటే హాలీ (Holly) అనే పువ్వు. అలా గుర్రుమనే కుక్కను పసిబిడ్డతో ఒంటరిగా నిమిషం కూడా వదలకూడదు, ఏ చుక్కలు వేసినా సరే.

రెస్క్యూ రెమెడీ అన్నది ఐదు కలిపిన సీసా: రాక్ రోజ్, ఇంపేషెన్స్, క్లెమాటిస్, చెర్రీ ప్లమ్, స్టార్ ఆఫ్ బెత్లెహెమ్. అప్పటికప్పుడు వచ్చిన గాభరాకు ఇది. రోజూ వాడడానికి మాత్రం విడిగా ఎంచుకున్నదే మేలు. ఒక సీసాలో ఆరేడు పూలకు మించి కలపరు. మొదటిసారి రెండు మూడుతో ఆగండి. పది కలిపితే ఏ బాధ తగ్గిందో, ఏది తగ్గలేదో చూసుకునే దారి ఉండదు.

సీసా కలపడం

ఇవి మన టౌన్లలో హోమియో మందుల షాపుల్లో దొరుకుతాయి. సీసా మీద 30, 200 అని పొటెన్సీ అంకె ఉంటే అది హోమియో మందు, ఇది కాదు. పంచదార మాత్రలుగా ఇస్తామంటే వద్దని, స్టాక్ ద్రవమే, అంటే ఇంట్లో పలచన చేసుకోవడానికి అమ్మే చుక్కలే అడగండి. పశువులకు, పిల్లలకు గ్లిజరిన్‌తో చేసిన, ఆల్కహాల్ లేని రకం తీసుకోండి. నోట్లో చప్పరించే బిళ్లలుగా వచ్చే రకాన్ని కుక్కకు ఎప్పుడూ పెట్టొద్దు. చప్పరించే బిళ్లల్లో, చూయింగ్ గమ్‌లలో జైలిటాల్ అనే తీపి ఉండొచ్చు. అది కుక్క రక్తంలో చక్కెరను ఒక్కసారిగా పడగొట్టి ప్రాణం మీదికి తెస్తుంది.

డ్రాపర్ ఉన్న 30 మి.లీ. గోధుమరంగు గాజు సీసా కావాలి. సీసాను 10 నిమిషాలు నీళ్లలో మరిగించి, బోర్లించి ఆరబెట్టండి. డ్రాపర్ రబ్బరును మరిగించొద్దు, మెత్తబడి గాలి పీల్చడం మానేస్తుంది. వేడినీళ్లతో కడిగితే చాలు. కాలవ నీరు ఎంత తేటగా కనిపించినా మరగకాచి చల్లార్చిందే పోయాలి. ముందు సీసాలో 5 మి.లీ. బ్రాందీ, అంటే ఒక టీ స్పూను. దాని మీద ఎంచుకున్న ప్రతి పువ్వు స్టాక్ నుంచి 2 చుక్కలు. రెస్క్యూ రెమెడీ అయితే 4. మెడ దాకా నీళ్లు. సీసా మీద పూల పేర్లు, కలిపిన తేదీ రాసి అంటించండి.

మోతాదు 4 చుక్కలు, రోజుకు 4 సార్లు: లేవగానే, మధ్యాహ్నం భోజనానికి ముందు, సాయంత్రం, పడుకోబోయే ముందు. మిల్లీలీటరుకు సుమారు 20 చుక్కలు వస్తాయి కాబట్టి 30 మి.లీ. అంటే దాదాపు 600. రోజుకు 16 చొప్పున నెల దాటి వస్తుంది. కానీ మన ఉక్కపోతలో అన్నాళ్లు నిలవదు. బ్రాందీ వేసిన సీసా అయినా ఫ్రిజ్‌లో పెట్టి మూడు వారాలకు పారబోయండి. బ్రాందీ వద్దనుకుంటే 15 మి.లీ. మాత్రమే కలిపి నాలుగు రోజుల్లో వాడేయండి, లేదా సగం గ్లిజరిన్, సగం నీళ్లు పోయండి. మద్యం మానేసినవాళ్లకు, గర్భిణులకు, కాలేయ జబ్బున్నవాళ్లకు బ్రాందీ సీసా వద్దు. తాగుడు మాన్పించడానికి డైసల్ఫిరామ్ వాడుతున్న మనిషికైతే బొత్తిగా వద్దు.

సీసా పాడవడానికి ఎక్కువగా ఒకటే కారణం. డ్రాపర్ కొన నాలుకకు తగులుతుంది, ఉమ్మి సీసాలోకి దిగుతుంది, అందులో సూక్ష్మజీవులు పెరుగుతాయి. సీసాను కిటికీ వెలుతురుకు ఎత్తి చూడండి. దూది పోగుల్లాంటివి తేలుతున్నా, అడుగున మసకగా పేరుకున్నా, పుల్లటి వాసన వచ్చినా అది అయిపోయినట్టే. అద్దం ముందు నిలబడి వేసుకోవడం అలవాటైతే కొన తగలదు.

పెరటి పూలతో చేసుకోవాలంటే

మందారం, మల్లె, మన తోట గులాబీ బాచ్ జాబితాలోవి కావు. వాటికి అందరూ ఒప్పుకున్న అర్థాలు లేవు. మీ ఇంట్లో ఆ పువ్వు దేన్ని గుర్తుచేస్తుందో అదే దాని అర్థం. చేసే తీరు మాత్రం బాచ్ చెప్పిన ఎండ పద్ధతే.

ఏ పువ్వు కాకూడదో ముందు తెలియాలి. గన్నేరు, పచ్చగన్నేరు, బిళ్ళగన్నేరు, ఉమ్మెత్త, జిల్లేడు విషం. నందివర్ధనం తుంచితే పాలు కారతాయి, అదీ వద్దు. చామంతి కుక్కకూ పిల్లికీ పడదు. బొకేల్లో వచ్చే పెద్ద లిల్లీ పూల పుప్పొడి, ఆ కుండీలోని నీళ్లు కూడా పిల్లి మూత్రపిండాలను పాడుచేస్తాయి. పిల్లి ఉన్న ఇంటికి అవి రాకూడదు. కడియపులంక మార్కెట్‌లో కొన్న పూలు దండకు బాగుంటాయి గాని నోట్లోకి వెళ్లే పనికి కాదు. అమ్మకానికి పెంచే తోటల్లో పురుగుమందు కొడతారు. మందు ఎరగని మీ పెరటి మొక్క కావాలి.

రోజును ఎంచుకోవడంలోనే సగం పని ఉంది. పుష్యమాసపు మంచు విడిపోయాక, మాఘ ఫాల్గుణాల్లో మబ్బులేని పొద్దు మంచిది. వానాకాలంలో ఎండ చాలక రేకలు జిగురుగా మారి నీళ్లు కుళ్లుతాయి. రోహిణి కార్తెలో పది దాటితే రేకలు ఉడికిపోతాయి. ఏడింటి నుంచి పదింటి దాకా మూడు గంటలు సరిపోతుంది. కోనసీమ పెరట్లో ఇంకో చిక్కు, కొబ్బరి మట్టల నీడ. గిన్నె పెట్టినప్పుడు ఎండగానే ఉంటుంది, అరగంటకు ఈనెల నీడ చారలు చారలుగా దాని మీదికి పాకుతుంది. డాబా మీద పెట్టండి.

పలచటి గాజు గిన్నెలో పావు లీటరు మరగకాచి చల్లార్చిన నీళ్లు. మందారమైతే అప్పుడే విచ్చినవి నాలుగైదు చాలు. కోసే ముందు మధ్య కాడను వేలితో మెల్లగా తట్టండి, పువ్వు మొదలు దగ్గర దాక్కున్న నల్ల చీమలు దిగిపోతాయి. రేకలను చేత్తో నలపకుండా ఆకుతో పట్టుకుని నీటి మీద తేలేలా పరచండి, సందు లేకుండా. మల్లె సాయంత్రం విచ్చే పువ్వు కనుక తెల్లారగానే, రంగు మారకముందే కోయాలి. మూడు గంటలయ్యాక రేకలు తీసేసి, నీటిని శుభ్రమైన గుడ్డతో వడకట్టి, ఎంత నీరుందో అంత బ్రాందీ కలిపితే మూల సారం. 30 మి.లీ. బ్రాందీలో దీని 2 చుక్కలు వేస్తే స్టాక్. తరవాత పైన చెప్పిన లెక్కే.

కూర్చోవడం

ఒక వేళ, ఒక చోటు. మన ఊళ్లలో గుడి మైకు, మోటార్లు మొదలుకాకముందు నాలుగున్నర, అయిదు మధ్య బాగుంటుంది. అరుగు మీద చాప వేసుకోండి. దోమలుంటే దోమతెరలోనే కూర్చోండి, కాయిల్ వెలిగించొద్దు. మూసిన గదిలో కాయిల్ పొగ, సాంబ్రాణి పొగ మీ ఊపిరికే కాదు, పక్కన పడుకున్న పిల్లికి, పంజరంలో చిలకకు ఇంకా చేటు. మోకాళ్లు నొప్పైతే కుర్చీ. అరికాళ్లు నేలకు ఆనాలి.

చుక్కలు వేసుకుని, మూత పెట్టి, సీసాను ఎదురుగా ఉంచండి. ముక్కుతో 4 లెక్కపెట్టేంత సేపు పీల్చి, 6 లెక్కపెట్టేంత సేపు వదలండి. నిమిషానికి ఆరు ఊపిర్లు పడతాయి. మొదటి వారం 5 నిమిషాలు, తరవాత 10. ధ్యాస ముక్కుపుటం దగ్గరే. అది ఇంటి లెక్కల్లోకి వెళ్లిపోతుంది; వెళ్లిందని తెలిసిన క్షణమే తిప్పి తెచ్చుకోవాలి. వెళ్లినందుకు మిమ్మల్ని మీరు తిట్టుకోవద్దు. తిప్పి తేవడమే సాధన.

తల తిరిగినా, వేళ్ల చివర తిమ్మిరెక్కినా మీరు గాలిని బలవంతంగా లాగుతున్నారు. లెక్క మానేసి మామూలుగా పీల్చండి. బీపీ ఉన్నవాళ్లు, గర్భిణులు ఊపిరి బిగబట్టొద్దు. నిద్ర ముంచుకొస్తే కళ్లు సగం తెరిచి నేల వైపు చూడండి. తుఫాను, వరద చూసినవాళ్లలో కొందరికి కళ్లు మూయగానే ఆ రాత్రి కళ్లముందుకొస్తుంది. వాళ్లు అసలు మూయొద్దు. కళ్లు తెరిచే ఉంచి, ఎదురుగా కనబడే అయిదు వస్తువుల పేర్లు పైకి చెబుతూ, అరికాలికి తగిలే నేల చల్లదనాన్ని గమనిస్తూ కూర్చుంటే చాలు.

పక్కన జంతువు ఉంటే

జంతువును ధ్యానానికి పిలవకూడదు, పట్టుకుని కూర్చోబెట్టకూడదు. మీరు నేల మీద, దానికి ఎదురుగా కాకుండా పక్కకు తిరిగి, చూపు దించి కూర్చోండి. దారి వదిలిపెట్టండి. రోజూ అదే వేళకు అదే చోట కూర్చుంటుంటే నాలుగైదు రోజుల్లో అదే వచ్చి దగ్గర్లో చేరుతుంది. వచ్చాక 3 సెకన్లు నిమిరి చెయ్యి తీసేయండి. మళ్లీ తల ఆనిస్తే ఇంకోసారి. మీరు ఊపిరి వదిలే వేగంతో, భుజం నుంచి నడుము దాకా ఒకే నిమురు. నిద్ర లేకుండానే ఆవలించడం, మాటిమాటికీ పెదవులు నాకడం, కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూడడం, తోక ముడవడం: ఇవన్నీ “చాలు” అనడమే. పిల్లికైతే కళ్లను మెల్లగా మూసి మెల్లగా తెరవండి. తనూ అలా చేస్తే మీ దగ్గర భయం లేదన్నట్టు.

చుక్కలను జంతువు నోట్లో వేయొద్దు, గాజు డ్రాపర్‌ను కొరికేస్తుంది. అన్నం మీద 4 చుక్కలు, లేదా తాగే నీళ్ల గిన్నెలో. పక్కనే మామూలు నీళ్ల గిన్నె ఒకటి తప్పక ఉంచండి. పిల్లి రుచి మారిన నీళ్లు మానేసి దాహంతో ఉండిపోగలదు. గేదెకైతే కుడితి బకెట్టులో 10 చుక్కలు.

గేదె సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే పాల లెక్కలో ఫలితం ఎదురుగా కనిపిస్తుంది. సంతలో కొని తెచ్చిన గేదె మొదటి వారం చేపదు, అంటే పాలు దించదు. పొదుగు నిండుగానే ఉంటుంది, చన్ను పిండితే నాలుగు ధారలు వచ్చి ఆగిపోతుంది. పాలు దిగడానికి ఆక్సిటోసిన్ అనే హార్మోను కావాలి. భయపడిన పశువులో అడ్రినలిన్ ఎక్కి దాని పనిని అడ్డుకుంటుంది. ఇక్కడ తొందరపడి ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ పొడిపిస్తూ పోతే, అదే అలవాటై ఇంజెక్షన్ లేకుండా చేపడం మానేయొచ్చు. ఒకే మనిషి, ఒకే వేళకు, ఒకే వైపు నుంచి వెళ్లాలి. ముందు భుజం దగ్గర నిలబడి పైన చెప్పిన ఊపిరితో రెండు మూడు నిమిషాలు మెడ కింద గోకాలి. తరవాత గోరువెచ్చని నీళ్లతో పొదుగు కడిగి, దూడను వదలాలి. గేదెకు ఆవు కంటే ఆలస్యంగా చేపు వస్తుంది, ఆ రెండు నిమిషాలు కంగారు పడొద్దు. నెమరు వేస్తూ చెవులు వేలాడేస్తే కుదురుకున్నట్టు. చుక్కలు వేసేవాళ్లు వాల్‌నట్, హనీసకుల్ కలుపుతారు.

జంతువుల విషయంలో మన కళ్లే మనల్ని మోసం చేస్తాయి. మందు వేశామన్న నమ్మకంతో లేని మార్పు కనిపిస్తుంది. అందుకే అంకెలు రాయండి: చప్పుడయ్యాక కుక్క మంచం కింద నుంచి బయటికి రావడానికి ఎన్ని నిమిషాలు, పూటకు ఎన్ని లీటర్ల పాలు, పిల్లి రాత్రి ఎన్నిసార్లు అరిచింది. చుక్కలు మొదలుపెట్టకముందు ఒక వారం, పెట్టాక మూడు వారాలు. అంకె కదలకపోతే చుక్కలు ఆపేసి పశువైద్యుణ్ని కలవండి.

కొన్ని సంగతులకు మూడు వారాలు ఆగే వీలు లేదు. మగ పిల్లి మూత్రం కోసం ముక్కుతూ చుక్క రాక ఇబ్బంది పడితే, కుక్క నిద్రలో నిమిషానికి 30కి మించి ఊపిరి తీస్తూనే ఉంటే, పశువు నెమరు మానేస్తే వెంటనే పశువైద్యం కావాలి. సంచార పశువైద్య సేవ నంబరు 1962కు ఫోన్ చేయండి. భయపడిన కుక్క కరిస్తే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి ఆ రోజే టీకా. మనిషికి చావు ఆలోచనలు వస్తున్నా, వారాల తరబడి నిద్రా తిండీ పోయినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416లో తెలుగులో మాట్లాడొచ్చు. డాక్టరు రాసిన మాత్రలు పూల చుక్కలు మొదలుపెట్టామని ఆపొద్దు.

దీపావళి కుక్క

వినాయక నిమజ్జనాలు అయిన మర్నాడు మొదలుపెడితే దీపావళికి దాదాపు 45 రోజులు ఉంటుంది. ఫోన్‌లో టపాకాయల చప్పుడు రికార్డింగ్ పెట్టుకోండి. కుక్క చెవి కదిలించి, మళ్లీ తిండి మీద పడేంత సౌండే మొదటి మెట్టు. రోజుకు రెండుసార్లు, 5 నిమిషాల చొప్పున, చప్పుడు వచ్చిన ప్రతిసారీ ఉడికించిన కోడిగుడ్డు ముక్క. మూడు రోజులకు ఒక మెట్టు పెంచండి. ముక్క తీసుకోవడం మానేసిందంటే తొందరపడ్డారు, రెండు మెట్లు దిగండి. అందరూ చేసే తప్పు ఇక్కడే: నాలుగు రోజులు బాగుందని అయిదో రోజు సౌండు పూర్తిగా పెంచేస్తారు, నెల కష్టం ఒక్క పూటలో పోతుంది.

పండగ రోజు సాయంత్రం అయిదు లోపే బయట తిప్పి తీసుకురండి. లోపలి గది, తలుపులు మూసి, మంచం చుట్టూ పాత దుప్పట్లు వేలాడదీసి, ఫ్యాను, టీవీ పెట్టి ఉంచండి. గొలుసుతో కట్టొద్దు, భయంతో లాగి మెడ కోసుకుంటుంది. మెడపట్టీ మీద మీ ఫోన్ నంబరు ఉండాలి. గ్లిజరిన్ రకం రెస్క్యూ చుక్కలు వాడేవాళ్లు సాయంత్రం అన్నం మీద 4 చుక్కలు వేసి, మీరు దాని గదిలోనే నేల మీద కూర్చుని ఊపిరి లెక్క మొదలుపెట్టండి. మీ దగ్గరికి వచ్చి ఒదిగితే ఒదగనివ్వండి, నిమిరితే భయం ముదురుతుందన్న మాట నిజం కాదు. వణుకు, చొంగ, గోడలు గీకడం దాకా వెళ్లే కుక్కకు చుక్కలు చాలవు. వారం ముందే పశువైద్యుణ్ని అడిగి మందు రాయించుకోండి. ఇంట్లో పెద్దాయన వేసుకునే నిద్రమాత్ర విరిచి పెట్టొద్దు.

మిగిల్చిన కాకరపువ్వొత్తులు, టపాకాయలు నాగులచవితికి మళ్లీ బయటికొస్తాయి. అందుకని దీపావళి మర్నాడే గది సర్దేయకుండా, ఆ దుప్పట్లు నాగులచవితి దాకా మంచానికి అలాగే ఉండనివ్వండి.